ఒకటో నంబరు ఎటువైపు

రేవు రోడ్డులో ఆవిణ్ణి అసలు పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. గోరక్క షెడ్డు ఎక్కడ అంటే మాత్రం టీ కొట్టువాడు గ్లాసులు కడగడం ఆపి మరీ దారి చూపిస్తాడు. కుడిచేతి బొటనవేలికి ఆవిడ పెంచుకున్న గోరు వల్ల వచ్చిన పేరది. మిగతా తొమ్మిది గోళ్లూ మొదలంటా కత్తిరించి, ఎంత రుద్దినా పోని నూనె మరకలతో నల్లగా ఉంటాయి. ఈ పదోది మాత్రం మహారాణి. దాన్ని వారానికోసారి సన్నటి ఆకురాయితో సానబెడుతుంది. దానికి దెబ్బ తగులుతుందని ఇంట్లో డబ్బా మూత కూడా తియ్యదు, ఇంటాయనే తీసిపెట్టాలి.

ఆ గోరుకి ఉన్నది ఒక్కటే ఉద్యోగం. ఇంజను అడుగున తిరిగే బరువైన ఉక్కు కడ్డీని క్రాంకు అంటారు. బేరింగుల్లో కూర్చుని తిరిగే గుండ్రటి మెడలు దానికి చాలా ఉంటాయి. పాడైన లారీ ఇంజను విప్పగానే గోరక్క కళ్లు మూసుకుని ఆ మెడల్లో ఒక్కొక్కదాని మీదా గోరు లాగుతుంది. గోరు జారిపోయిందా, ఆ మెడకి ఇంకా ఆయుష్షుంది. చిక్కుకుందా, గీతలు పడ్డట్టే, గ్రైండింగుకి పంపాల్సిందే. ఆ తర్వాత కొలత చూసే మైక్రోమీటరు కూడా పెడుతుంది గానీ, అది ఎదుటివాళ్ల తృప్తి కోసం.

ఆవిడకి యాభై మూడేళ్లు. ఆ రేకుల షెడ్డు ఒకప్పుడు వాళ్ల నాన్నది. పని ఆయన దగ్గరే నేర్చుకుంది. నేర్చుకుందంటే ఆయన నేర్పాడని కాదు, పక్కన నిలబడనిచ్చాడు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయనుకునే రకం ఆయన. పని తప్పయితే చేతి మీద స్పానరుతో ఒక్కటిచ్చేవాడు. ఒప్పయితే "ఊ" అనేవాడు. ఆ "ఊ" కోసం ఆవిడ ఇరవై ఏళ్లు చాకిరీ చేసింది. అంతకంటే పెద్ద మాట ఒక్కటీ అనకుండానే ఆయన వెళ్లిపోయాడు. ఆయన పోయి ఇరవై రెండేళ్లయినా ఆ వెలితి అలాగే ఉంది. ఎవరితోనూ అనదు గానీ, పని బాగా కుదిరిన రోజున తనకు తానే మెల్లగా "ఊ" అనుకుంటుంది.

మొన్న మంగళవారం పొద్దున్నే షెడ్డు తెరవడానికి వచ్చేసరికి, గుమ్మం ముందు గోనెసంచి పెట్టుకుని బావ కూర్చుని ఉన్నాడు. బావంటే అక్క మొగుడు. రేవులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని దాటించే చెక్కపడవకి సరంగు. ఈ బావామరదళ్లు ఒకచోట చేరితే రోడ్డు రోడ్డంతా చెవులు రిక్కిస్తుంది. ఆ రోజు మాత్రం ఆయన మీసం కూడా వాలిపోయి ఉంది.

"ఏం బావా, అక్క ఇంట్లోంచి గెంటేసిందా?"

"గెంటింది అక్క కాదు మరదలా, ఇంజను. అదీ నది మధ్యలో."

ముందురోజు నలభై మంది జనంతో వెళ్తుంటే, పడవకి వేసిన పాత లారీ ఇంజను అడుగున ఠక్ ఠక్ మని మొదలైంది. రెండు నిమిషాల్లో బిగుసుకుపోయింది. వేరే పడవ తాడేసి అవతలి ఒడ్డుకి లాక్కెళ్లింది. బావ ఆగలేక అక్కడే ఇంజను విప్పేసి, క్రాంకునీ, దాన్ని ఇంజను దిమ్మకి బిగించి పట్టుకునే అయిదు క్యాపుల్నీ సంచిలో వేసుకొచ్చాడు. మిగతా ఇంజను ట్రాలీలో వెనకే వస్తోందట.

"క్యాపులు కలిసిపోకుండా చుక్కలు కొట్టా చూసుకో. ఒకటి నుంచి అయిదు దాకా," అన్నాడు.

"అబ్బో, ఆ మాత్రం బుద్ధి ఉందన్నమాట," అంది గోరక్క. లోపల మాత్రం నిజంగానే మెచ్చుకుంది. ఎందుకంటే ఏ క్యాపు సీటు దానిదే. చూడ్డానికి అయిదూ ఒకేలా ఉన్నా, ఒకదాని చోట ఇంకొకటి పెడితే వెంట్రుకవాసి తేడా వస్తుంది. క్రాంకు తిరగకుండా చెయ్యడానికి ఆ వెంట్రుకవాసి చాలు.

"శనివారం మూడింటికి ఆఫీసరు వస్తున్నాడు," అన్నాడు బావ నేల చూపులు చూస్తూ.

గోరక్క నవ్వు ఆగిపోయింది. రేవులో పడవలకి ఏడాదికోసారి పరీక్ష. చెక్కపడవల్లో మిగిలింది ఇదొక్కటే. ఈ ఏడు నుంచి కొత్త రూలు పెట్టారు, పరీక్ష తప్పిన చెక్కపడవకి మళ్లీ లైసెన్సు ఇవ్వరు. శనివారం మూడింటికి ఈ ఇంజను తిరగాలి. లేకపోతే బావ ముప్ఫై ఎనిమిదేళ్ల సరంగుతనం ఆ పూటతో సరి.

ఆవిడ క్రాంకుని బల్ల మీదికెత్తి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కళ్లు మూసుకుంది. మొదటి మెడ జారింది. రెండోది జారింది. మూడో సిలిండరు తాలూకు మెడ మీద గోరు చిక్కుకోవడం కాదు, దిగబడింది.

"దీనికి ఇప్పటికి ఎన్ని కోతలయ్యాయి?" అంది కళ్లు తెరవకుండానే.

"మూడు. మూడోది మామయ్యే చేయించాడు. నీ రెండో కాన్పుకి నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు."

గ్రైండింగులో క్రాంకు మెడని గీతలు పోయేదాకా చుట్టూ సన్నగా కోస్తారు. మెడ ఎంత సన్నబడితే అంత మందం బేరింగు కొని వెయ్యాలి. మొదటి కోత పది సైజు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది, తర్వాత ఇరవై, ముప్ఫై, నలభై. నలభై దాటితే బేరింగే దొరకదు, క్రాంకు పాత ఇనుము కిందే లెక్క. అంటే దీనికి మిగిలింది ఒకే ఒక్క కోత. గీత ఆ కోతలో పోతే పోయినట్టు, పోకపోతే ఇంతే సంగతులు.

బావ ముఖం పాలిపోయింది. గోరక్క కళ్లు మాత్రం మెరిశాయి. మంచి పిల్ల అనిపించుకునే ఇంజనంటే ఆవిడకి మొదట్నుంచీ పడదు. ఎంత మొండిదైతే అంత హుషారు. అప్పటికప్పుడు క్రాంకుని ఆటోలో పడేసుకుని గ్రైండింగు షాపుకి బయల్దేరింది.

అక్కడి మేస్త్రిని అందరూ సున్నా మేస్త్రి అంటారు. ఎందుకంటే ఆయన ఏ కొలతైనా సున్నా పాయింటు సున్నా అంటూ మొదలుపెడతాడు, పెళ్లాం వంటలో ఉప్పు ఎంత వెయ్యాలన్నా సరే. లావుపాటి కళ్లద్దాలు, అంతకంటే లావుపాటి రోషం. క్రాంకుని అటూ ఇటూ తిప్పి, "కష్టం అక్కా, సున్నా పాయింటు సున్నా నాలుగులో ఇది పోదు," అన్నాడు.

"పోతుందో పోదో రాయి చెప్తుంది. మీరు చెప్పకండి మేస్త్రీ."

రెండు రోజులు పట్టింది. మిగతా మెడలన్నీ కోసి, ఆ పాపిష్టి మెడని ఆఖరికి, గురువారం మధ్యాహ్నానికి పెట్టుకున్నాడు. గిరగిరా తిరిగే రాయి, దాని మీద ధారగా పడే తెల్లటి నీళ్లు, మధ్యలో మెరుస్తున్న ఉక్కు. గోరక్క మిషను పక్కనుంచి కదిలితే ఒట్టు. ముప్ఫై అయిదు దగ్గర గీతలన్నీ పోయి ఒకే ఒక్కటి మిగిలింది. ముప్ఫై ఏడు దగ్గర అది సన్నబడింది. ముప్ఫై ఎనిమిది దగ్గర ఇంకా ఉంది. మేస్త్రి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ముప్ఫై తొమ్మిది. లైటు పక్కకి వంచి చూస్తే, వెంట్రుకలో సగం అంత.

"ఇక ఒక్కటేనక్కా."

"కానివ్వండి."

రాయి ఆఖరిసారి మెడని తాకి వెనక్కి వచ్చింది. మిషను ఆగీ ఆగకముందే గోరక్క చెయ్యి పెట్టేసింది. కళ్లు మూసుకుంది. గోరు ఇటునుంచి అటు జారింది. అటునుంచి ఇటు జారింది.

"జారింది మేస్త్రీ! జారిపోయింది!" అని యాభై మూడేళ్ల మనిషి ఎగిరి గంతేసింది. చెప్పు ఒకటి ఎగిరి ఆ తెల్లటి నీళ్ల తొట్టిలో పడింది.

"కొలత చూడకుండా గంతులేంటక్కా," అని మేస్త్రి గొణిగాడు. గొణుగుతూనే మైక్రోమీటరు పెట్టి చూశాడు. సరిగ్గా నలభై. ఆయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

శుక్రవారం పొద్దున ఏడింటికే షెడ్డులో పని మొదలైంది. ఇంజను దిమ్మని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టారు. నలభై సైజు బేరింగు ముక్కలు సీట్లలో కూర్చోబెట్టి, నూనె పోసి, చైన్ పుల్లీతో క్రాంకుని దింపారు. బావ చుక్కలు లెక్కపెట్టి క్యాపులందిస్తుంటే గోరక్క ఫ్యాను వైపు నుంచి వరసగా పెట్టుకుంటూ వచ్చింది. ముందు నడిమిది, మూడో క్యాపు బిగించి, క్రాంకుని ఒంటివేలితో తోసింది. పూలరథంలా తిరిగింది.

"చూశావా బావా!"

"నీ చెయ్యి పడ్డాక తిరగకుండా ఎక్కడికి పోతుంది!"

రెండో క్యాపు బిగించింది. ఈసారి ఒంటివేలు చాలలేదు, రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది. గోరక్క కనుబొమలు ముడిపడ్డాయి. నాలుగోది బిగించేసరికి క్రాంకు ఉలకదు, పలకదు. బావ కూడా వచ్చి పట్టుకుని లాగాడు. గోడని లాగినట్టే ఉంది.

గోరక్క విప్పి, తుడిచి, మళ్లీ బిగించింది. మళ్లీ అదే. మూడోసారీ అదే. పదిన్నరైంది. మధ్యాహ్నంకల్లా ఇది తిరగకపోతే సాయంత్రానికి పిస్టన్లు వెయ్యడం కుదరదు, పొద్దున పడవలోకి ఎక్కించడం కుదరదు. కోత తేడా వచ్చిందేమోనని సున్నా మేస్త్రికి ఫోను చేసింది. ఆ ఒక్క మాటకి ఆయన అగ్గి మీద గుగ్గిలమై, పది నిమిషాల్లో స్కూటరేసుకుని వచ్చి పడ్డాడు. క్రాంకుని బయటికి తీయించి అన్ని మెడలూ కొలిచాడు.

"సున్నా పాయింటు సున్నా సున్నా సున్నా ఒకటి కూడా తేడా లేదు! ముప్ఫై ఏళ్ల సర్వీసులో నా కోతకి వంక పెట్టినవాళ్లు లేరు!"

"మీ కోతని ఎవరన్నారు మేస్త్రీ, కోత బాగుంటే ఇది ఎందుకు తిరగదూ అంటున్నా!"

"అది నన్నడిగితే? బేరింగులు తెచ్చిన మనిషినడగండి!"

"నా మీదికొస్తావేంటయ్యా? డబ్బా మీద నలభై అని రాసుందిగా, కళ్లద్దాలున్నాయిగా, చదువుకో!" అని బావ లేచాడు.

సరిగ్గా అప్పుడే క్యారియరు పట్టుకుని అక్క వచ్చింది. గుమ్మంలో నిలబడి ఒకసారి ముగ్గుర్నీ చూసింది.

"ముగ్గురూ కలిసి అరిస్తే అది తిరుగుతుందా? తిరిగేటట్టయితే చెప్పండి, నేను కూడా అరుస్తాను. ఏవండీ, మీరు ముందు బయటికి రండి. మేస్త్రి గారూ, మీరు కూడా. రెండు ముద్దలు తిన్నాక కొట్టుకోండి." వెళ్తూ చెల్లెలి చెవిలో మెల్లగా అంది, "ఏమే, ఎలాగైనా తిప్పవే. పడవ లేకపోతే ఆయన మనిషి కాడు. నాకు తెలుసు."

షెడ్డులో గోరక్క ఒక్కతే మిగిలింది. ఏం చెయ్యాలో తోచక బనీను గుడ్డ తీసుకుని ఇంజను దిమ్మని తుడవడం మొదలెట్టింది. చెయ్యి ఖాళీగా ఉంటే గోరు ఊరుకోదు కదా, క్యాపుల సీట్ల పక్కనున్న సన్నటి అంచు వెంబడి అలవాటుగా పాకింది. ఇంజను వెనక పెద్ద చక్రం, ఫ్లైవీలు ఉండే వైపు చివర ఎక్కడో టక్కున చిక్కుకుంది.

ఆవిడ వంగి చూసింది. కంటికి ఏమీ లేదు, పాత నూనె మాడి అట్టకట్టిన నలుపు తప్ప. మళ్లీ గోరు లాగింది. మళ్లీ చిక్కుకుంది. గోరుతోనే ఆ నలుపు గీకింది. అడుగున ఒక చుక్క. పక్క సీటు దగ్గర గీకితే రెండు. తర్వాత మూడు, నాలుగు. ఫ్యాను వైపు ఆఖరి సీటు దగ్గర అయిదు. గుండ్రటి చుక్కలు కావవి, ఒక పక్క తెగిన చుక్కలు. అవి కొట్టిన ఇనప మొన, నాన్న పంచ్, ఇప్పటికీ ఆవిడ సొరుగులోనే ఉంది. మొన విరిగినా నాన్న మార్చనివ్వలేదు.

"బావా!"

ఆ కేకకి ముద్ద చేతిలోనే ఉంచుకుని బావ పరుగెత్తుకొచ్చాడు. వెనకే మేస్త్రీ, అక్కా.

"బావా, నువ్వు ఒకటో నంబరు ఎటువైపు నుంచి లెక్కపెట్టావు?"

"ఎటువైపేంటి మరదలా? ఫ్లైవీలు వైపు నుంచి. ఎవరైనా అంతేగా."

"ఎవరైనా ఏంటి! ఎవరైనా ఫ్యాను వైపు నుంచి కదా!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లారీ మెకానిక్కు ఇంజనుకి ఎదురుగా నిలబడతాడు, అతనికి ముందు కనపడేది ఫ్యాను. కాబట్టి ఒకటి అక్కడ. సరంగు పడవలో వెనక కూర్చుంటాడు, అతని కాళ్ల దగ్గరుండేది ఫ్లైవీలు. కాబట్టి ఒకటి ఇక్కడ. లోకమంతా తన లాగే లెక్కపెడుతుందని ఆవిడా అనుకుంది, ఆయనా అనుకున్నాడు. ఒకటి అయిదు చోటుకి, అయిదు ఒకటి చోటుకి, రెండు నాలుగు చోటుకి పోయాయి. నడిమి మూడు ఎటునుంచి లెక్కపెట్టినా మూడే, అందుకే పొద్దున అదొక్కటే సుఖంగా తిరిగింది. నాలుగు రోజులుగా పక్కపక్కనే తిరుగుతూ ఈ ఒక్క ముక్క ఒకళ్లనొకళ్లు అడగలేదు.

"అంటే నా కోత కరెక్టే," అన్నాడు సున్నా మేస్త్రి. "ఆ మాట కొంచెం గట్టిగా అనండి."

అక్క ముందు నవ్వింది. తర్వాత నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే గోరక్క ఆ చుక్కల వైపు చూసి ఆగిపోయింది.

"అది కాదు బావా. నాన్న కూడా నీ వైపు నుంచే కొట్టాడు. నాకు పన్నెండేళ్లప్పుడు ఫ్లైవీలు వైపు నుంచి లెక్కపెట్టానని స్పానరుతో కొట్టిన మనిషి." ఆవిడ ఎడమచేతి కణుపు మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

బావ చేతిలో ముద్ద సంగతి మర్చిపోయి ఆలోచించాడు. "అవును. మూడో కోత చేయించినప్పుడు ఆయన పంచ్ పట్టుకుని నన్నడిగాడు, 'మీ పడవవాళ్లు ఎటునుంచి లెక్కపెడతారు అల్లుడూ' అని. ఇంత తెలిసినాయన ఇదేం ప్రశ్నరా అని నవ్వుకున్నా. 'నది మధ్యలో ఆగితే దీన్ని విప్పేది నువ్వు కదా, నీ లెక్కలోనే కొడతా' అన్నాడు."

విప్పేవాడి లెక్కలో గుర్తు పెట్టాలని గోరక్కకి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. సిగ్గేసింది. సిగ్గుతో పాటు నాన్న మీద ప్రేమ పొంగుకొచ్చింది. ముక్కు ఎగబీల్చి, "ఇంకా చూస్తారేంటి, క్యాపులు అందుకోండి," అని కసిరింది.

క్రాంకు మళ్లీ దిగింది. ఈసారి ఒకటి ఫ్లైవీలు వైపు. మూడు బిగించింది, తిప్పింది. రెండు, నాలుగు, ఒకటి, అయిదు. ప్రతిసారీ ఒంటివేలే. ఆఖరి బోల్టు దగ్గర బిగింపు సరిపోయిందని టార్క్ రెంచి టక్కుమన్నాక గోరక్క ఆ బరువైన ఉక్కుని చిటికెనవేలితో తోసింది. చుట్టూ తిరిగి తనంతట తనే ఆగింది. సూది తీసుకుని, నాన్న కొట్టిన చుక్కల్లో మిగిలిన మురికంతా తీసేసింది. "ఊ," అనుకుంది.

ఆ పైన అంతా పరుగే. సాయంత్రానికి పిస్టన్లు, దీపాలు పెట్టే వేళకి హెడ్డు. శనివారం పొద్దున ట్రాలీ మీద రేవుకి, తాళ్లతో పడవలోకి. రెండింటికి డీజిలు గొట్టాల్లో గాలి తీశారు. రెండుంబావుకి మొదటిసారి తిప్పితే దగ్గింది. రెండోసారి నల్లటి పొగ కక్కి ఆగింది. మెట్ల మీద జనం మూగారు. మూడోసారి గోరక్క తనే హ్యాండిలు అందుకుంది. గుబుక్కుమని అందుకున్న ఇంజను ఇక ఆగలేదు. రేవు రేవంతా ఈలలు. బావ మీసం ఒక్కసారిగా లేచి నిలబడింది. సున్నా మేస్త్రి స్కూటరు మీదే నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆఫీసరు మూడింటికి సరిగ్గా వచ్చాడు. నవ్వని మనిషి. నూనె ప్రెషరు చూశాడు, పొగ చూశాడు, అడుగున తడి ఉందేమోనని చెయ్యి పెట్టి చూశాడు. అవతలి ఒడ్డుదాకా ఒక ట్రిప్పు వెయ్యమన్నాడు. బావ చుక్కాని పట్టుకున్నాడు. అక్కా, గోరక్కా ఇంజను పక్కన కూర్చున్నారు. నది మధ్యలో, సోమవారం ఇంజను పట్టేసిన చోటు దగ్గర ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. అవతలి ఒడ్డుకి తగలగానే ఆఫీసరు కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. "ఇంజను ఎవరు కట్టారు?" అన్నాడు. బావ గర్వంగా మరదలి వైపు వేలు చూపించాడు. "బాగుందమ్మా," అన్నాడాయన.

తిరుగు ప్రయాణంలో గాలి చల్లగా ఉంది. బావ ఉన్నట్టుండి ముందుకి వంగాడు.

"మరదలా, మామయ్య ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు."

"ఏంటి?"

"'నది మధ్యలో అయితే నువ్వే విప్పుకో అల్లుడూ. ఒడ్డు మీదయితే మాత్రం మా చిన్నదానికే ఇవ్వు, ఇంకెవరి చేతికీ ఇవ్వకు. దాని చెయ్యి నా చేతికంటే మంచిది' అన్నాడు."

ఇంజను అడుగున కొత్త బేరింగుల్లో క్రాంకు తిరుగుతూనే ఉంది.

"ఇరవై మూడేళ్లుగా ఈ మాట కడుపులో దాచుకున్నావా?" అంది చివరికి.

"అప్పటికే నీ పొగరుతో చస్తున్నాం. ఇది కూడా చెప్తే మేము బతకొద్దూ?"

ఆవిడ నీళ్ల వైపు తిరిగి, కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏమన్నావు బావా? ఇంజను హోరులో వినపడలేదు."

బావ గొంతు పెంచి మళ్లీ చెప్పాడు.

"వినపడలేదు బావా!"

ఈసారి ఆయన చుక్కాని అక్క చేతికిచ్చి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, దాని చెయ్యి నా చేతికంటే మంచిదన్నాడు మామయ్య అని రెండు ఒడ్లూ దద్దరిల్లేలా అరిచాడు. మెట్ల మీద జనం ఏమైందోనని లేచారు. ఆఫీసరు కాగితాల్లోంచి తలెత్తి చూశాడు.

"దానికి మొదటిసారే వినపడిందండీ," అంది అక్క చుక్కాని తిప్పుతూ. "ఊరికే గొంతు పోగొట్టుకోకండి."

"నువ్వుండవే అక్కా," అంది గోరక్క. "ఇంకొక్కసారి చెప్పు బావా."